374 క్యారీల లెక్క: స్టార్ రన్నింగ్ బ్యాక్‌ని ఎలా వాడుకోవాలి

2024 డిసెంబర్ 31 రాత్రి అరిజోనాలోని గ్లెన్‌డేల్‌లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ మ్యాచ్ ఫియెస్టా బౌల్ ముగిసింది. బోయ్సీ స్టేట్ రన్నింగ్ బ్యాక్ ఆష్టన్ జెంటీ ఆ సీజన్‌లో పరిగెత్తిన దూరం 2,601 గజాల దగ్గర ఆగిపోయింది. 1988లో ఓక్లహోమా స్టేట్ తరఫున బ్యారీ శాండర్స్ నెలకొల్పిన 2,628 గజాల రికార్డుకి ఇంకా 27 గజాలు కావాలి. ఆ రాత్రి పెన్ స్టేట్ మీద జెంటీ చేతికి 30 సార్లు బంతి ఇచ్చారు. వచ్చింది 104 గజాలు, టచ్‌డౌన్ (బంతితో ప్రత్యర్థి చివరి గీత దాటడం) ఒక్కటీ లేదు. జట్టు 31-14 తేడాతో ఓడి ప్లేఆఫ్ నుంచి తప్పుకుంది.

ఆ ఏడాది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జెంటీని మించిన రన్నింగ్ బ్యాక్ లేడు. మరి అలాంటి ఆటగాడు దొరికినప్పుడు అతన్ని ఎలా వాడుకోవాలి? వీలైనన్ని సార్లు బంతి అతని చేతిలో పెట్టడమే తెలివా? బోయ్సీ స్టేట్ ఆడిన 14 మ్యాచ్‌ల లెక్కలు వరుసగా పెట్టి చూస్తే దీనికి చాలావరకు జవాబు దొరుకుతుంది.

ఈ ఆట అంతగా చూడనివాళ్ల కోసం రెండు మాటలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడి చేసే జట్టుకి పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. ఒక్కో ప్రయత్నంలో క్వార్టర్‌బ్యాక్ బంతిని గాల్లోకి విసరొచ్చు (అది పాస్), లేదా వెనక నిలబడ్డ రన్నింగ్ బ్యాక్ చేతికి అందించొచ్చు. అలా అందుకుని పరిగెత్తిన ప్రతిసారినీ క్యారీ అంటారు. దాదాపు ప్రతి క్యారీ ఎవరో ఒకరు గుద్ది నేలమీద పడేయడంతోనే ముగుస్తుంది. గుద్దేవాళ్లలో చాలామంది వంద కిలోల పైబడ్డవాళ్లు, పైగా పరిగెత్తుకుంటూ వచ్చి గుద్దుతారు. ఒక మ్యాచ్‌లో 30 క్యారీలు అంటే రాత్రంతా 30 సార్లు అలా పడి లేవడం. ఈ మాట మనసులో పెట్టుకుంటే కింది అంకెలు వేరేగా కనిపిస్తాయి.

జెంటీ సీజన్‌ని మొదటి ఐదు మ్యాచ్‌లు, మిగతా తొమ్మిది మ్యాచ్‌లుగా విడదీసి చూద్దాం. మొదటి మ్యాచ్ జార్జియా సదరన్ మీద: 20 క్యారీలు, 267 గజాలు, ఆరు టచ్‌డౌన్లు. తర్వాత ఒరెగాన్ మీద 25 క్యారీలకు 192 గజాలు. ఆ మ్యాచ్‌లో బోయ్సీ స్టేట్ 37-34తో ఆఖరి క్షణంలో ఓడింది, అయినా దేశమంతా జెంటీ పేరు తెలిసింది ఆ రోజే. పోర్ట్‌లాండ్ స్టేట్ మీద 11 క్యారీలకు 127. వాషింగ్టన్ స్టేట్ మీద 26కి 259. యూటా స్టేట్ మీద 13కి 186. మొత్తం 95 క్యారీలు, 1,031 గజాలు. క్యారీకి సగటున దాదాపు 10.9 గజాలు. అంటే బంతి ఇచ్చిన ప్రతిసారీ, ఒక్క దెబ్బలో, నాలుగు ప్రయత్నాల్లో చేయాల్సిన పని అయిపోయినట్టే. కాలేజీ స్థాయిలో క్యారీకి ఆరు గజాలు వస్తేనే చాలా బాగున్నట్టు. ఐదు మ్యాచ్‌ల పాటు పదిన్నర దాటి ఉండటం నమ్మశక్యం కాని సంగతి.

ఇక మిగతా తొమ్మిదింటిలో క్యారీలు: హవాయి 31, యూఎన్‌ఎల్‌వీ 33, శాన్ డియెగో స్టేట్ 31, నెవాడా 34, శాన్ హొసే స్టేట్ 32, వయోమింగ్ 19, ఒరెగాన్ స్టేట్ 37, కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) ఫైనల్లో మళ్లీ యూఎన్‌ఎల్‌వీ 32, చివరికి పెన్ స్టేట్ 30. మొత్తం 279 క్యారీలు, 1,570 గజాలు. సగటు 5.6కి పడిపోయింది. మొదటి ఐదింటిలో మ్యాచ్‌కి 19 క్యారీలు, తర్వాత 31. పని ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగింది, ఒక్కో క్యారీకి ఫలితం సగానికి దిగింది.

సగటు 5.6 అంటే చెడ్డదేమీ కాదు, చాలా జట్లు దాన్ని కళ్లకద్దుకుంటాయి. మొదటి ఐదు మ్యాచ్‌ల సగటు ఏడాది పొడవునా నిలవదని ఎవరైనా చెప్పగలరు, కొన్ని పెద్ద పరుగులు దాన్ని పైకి లాగాయి. కానీ అలసట ఒక్కటే ఈ తేడాకు కారణం అనుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. ప్రత్యర్థులు నేర్చుకున్నారు. అక్టోబర్ నడిమికి వచ్చేసరికి బోయ్సీ స్టేట్ ఏం చేస్తుందో ఎదుటి జట్టు కోచ్‌లకు ముందే తెలుసు, దానికి తగ్గట్టు మనుషుల్ని నిలబెట్టారు.

ఎలా నిలబెడతారన్నది కొంచెం వివరంగా చూడాలి. మొత్తం కథ అక్కడే ఉంది. బంతి పెట్టిన చోటికి ఎదురుగా, మధ్యలో గుమిగూడి నిలబడే డిఫెన్స్ ఆటగాళ్లున్న ప్రాంతాన్ని బాక్స్ అంటారు. దాడి చేసే జట్టుకి దారి తెరవడానికి ఐదుగురు లైన్‌మెన్ ఉంటారు. పక్కన టైట్ ఎండ్ అనే ఇంకో ఆటగాడిని పెడితే ఆరుగురు. బాక్స్‌లో ఆరుగురే ఉంటే ప్రతి ఒక్కరికీ అడ్డుకోవడానికి ఒకరు దొరుకుతారు. రన్నింగ్ బ్యాక్‌కి దారి ఉంటుంది. ఏడో మనిషి వస్తే అతని సంగతి రన్నింగ్ బ్యాకే చూసుకోవాలి. జెంటీ లాంటివాడు చూసుకుంటాడు కూడా. 173 సెంటీమీటర్ల మనిషి, దాదాపు 98 కిలోలు, గట్టి తొడలు. గుద్దినవాడు జారిపోతాడు, జెంటీ నిలబడే ఉంటాడు. ఎనిమిదో మనిషి కూడా లోపలికి వస్తేనే ఇబ్బంది. ఇద్దరు ఖాళీగా ఉన్నారు, ఒకరిని దాటేలోపు రెండోవాడు అందుకుంటాడు. ఇంకో చిక్కు ఏమిటంటే, బంతి అందించేశాక క్వార్టర్‌బ్యాక్ ఆటలో లేనట్టే. అతను పరిగెత్తడని ప్రత్యర్థికి తెలిస్తే పదకొండు మందితో పదిమంది ఆడినట్టు అవుతుంది.

ఎనిమిదో మనిషిని లోపలికి తేవాలంటే డిఫెన్స్ వెనక ఎక్కడో ఒక చోట ఖాళీ వదలాలి. ఆ ఖాళీలోకి బంతి విసిరి దెబ్బ కొడితేనే ఆ ఎనిమిదోవాడు మళ్లీ వెనక్కి వెళ్తాడు. కొట్టకపోతే మ్యాచ్ అంతా అక్కడే నిలబడతాడు. స్టార్ రన్నింగ్ బ్యాక్‌ని వాడటమంటే సగం పని ఇదే: అతని భయంతో ప్రత్యర్థి వదిలేసిన చోట్లను వెంటనే వాడుకోవడం.

శాండర్స్ రికార్డు ఇక్కడ బాగా ఉపయోగపడే ఉదాహరణ. 1988లో అతను 11 మ్యాచ్‌లలో 344 క్యారీలు చేశాడు. మ్యాచ్‌కి 31 పైనే, జెంటీ చివరి తొమ్మిది మ్యాచ్‌ల సగటుతో సమానం. కానీ శాండర్స్ సగటు క్యారీకి 7.6 గజాలు. నాలుగు మ్యాచ్‌లలో 300 గజాలు దాటాడు. టోక్యోలో టెక్సస్ టెక్‌తో ఆడిన మ్యాచ్‌లో 44 క్యారీలకు 332 గజాలు తీశాడు. ప్రతిభ సంగతి పక్కన పెడితే, ఆ ఓక్లహోమా స్టేట్ జట్టులో క్వార్టర్‌బ్యాక్ మైక్ గండీ, ఆ ఏడాది దేశంలోని మేటి ఆటగాళ్ల జాబితా ఆల్ అమెరికన్‌కి ఎంపికైన రిసీవర్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) హార్ట్ లీ డైక్స్ ఉన్నారు. ఎనిమిదో మనిషిని బాక్స్‌లోకి పంపితే డైక్స్‌ని ఒంటరిగా ఎవరు కాస్తారు? 31 క్యారీల భారం అక్కడ తట్టుకోగలిగింది, పక్కన రెండో భయం ఉంది కాబట్టి. (అప్పట్లో సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌లను సీజన్ లెక్కల్లో కలిపేవారు కాదు. వయోమింగ్ మీద హాలిడే బౌల్‌లో శాండర్స్ తీసిన 222 గజాలు కూడా కలిపితే అతని మొత్తం 2,850. జెంటీకి 14 మ్యాచ్‌లు దొరికాయి, శాండర్స్‌కి లెక్కకు వచ్చినవి 11. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టేటప్పుడు ఇది మర్చిపోకూడదు.)

బోయ్సీ స్టేట్‌కి డైక్స్ లాంటి రిసీవర్ లేడు. కానీ ఖాళీల్లోకి వెళ్లి బంతి పట్టుకోగల ఆటగాడు ఒకడున్నాడు. అతను జెంటీయే.

2023లో జెంటీ 220 క్యారీలకు 1,347 గజాలు పరిగెత్తాడు. అదే ఏడాది 43 పాస్‌లు అందుకుని 569 గజాలు, ఐదు టచ్‌డౌన్లు సాధించాడు. పాస్‌కి సగటున 13 గజాలకు పైగా. రన్నింగ్ బ్యాక్‌కి ఇది చాలా అరుదు. వెనక నిలబడి రెండడుగులు పక్కకు జరిగి అందుకునే చిన్న పాస్‌లతో ఈ సగటు రాదు, దూరంగా పరిగెత్తి అందుకుంటేనే వస్తుంది. 2024లో అతను అందుకున్నవి 23 పాస్‌లు, వచ్చినవి 138 గజాలు. పాస్‌కి ఆరు గజాలు. మ్యాచ్‌లు రెండు పెరిగాయి, పాస్‌లు దాదాపు సగమయ్యాయి, ఒక్కో పాస్ విలువ సగానికి దిగింది.

దీనికి కారణాలు ఉన్నాయి. 2023లో భారం పంచుకోవడానికి మరో రన్నింగ్ బ్యాక్ జార్జ్ హొలానీ ఉన్నాడు, 2024కి అతను ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోయాడు. దాడి వ్యూహం చూసే కోచ్ మారి డర్క్ కెట్టర్ వచ్చాడు. 30 సార్లు పరిగెత్తి దెబ్బలు తిన్నవాడిని మళ్లీ పాస్‌ల కోసం కూడా పరిగెత్తించడం ఎందుకన్న ఆలోచన కూడా ఉండి ఉండొచ్చు. అది కొట్టిపారేయాల్సిన ఆలోచన కాదు. కానీ దాని నుంచి రావాల్సిన నిర్ణయం వేరు. 30 క్యారీల మీద ఐదు పాస్‌లు కలపమని ఎవరూ అడగరు. 30 క్యారీల్లో బాక్స్ నిండా జనం ఉండగా లోపలికి గుద్దిన ఎనిమిది తీసేసి, వాటి బదులు ఐదు పాస్‌లు పెట్టాలి.

రన్నింగ్ బ్యాక్‌కి పాస్ ఇవ్వడంలో రెండు పద్ధతులు చెప్పుకోవాలి. మొదటిది స్క్రీన్. లైన్‌మెన్ కావాలనే ప్రత్యర్థిని లోపలికి వదిలేస్తారు. వాళ్లు క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకుతుంటే, అతను వాళ్ల తల మీదుగా రన్నింగ్ బ్యాక్‌కి బంతి అందిస్తాడు. లైన్‌మెన్ అప్పటికే అతని ముందుకి చేరి దారి తెరుస్తారు. బాక్స్‌లో ఎంతమంది ఉంటే స్క్రీన్ అంత బాగా పండుతుంది. అందరూ బంతి దాటిపోయిన చోటే మిగిలిపోతారు. 2025 జనవరిలో కాటన్ బౌల్ మొదటి సగం ముగిసే ముందు ఓహైయో స్టేట్ రన్నింగ్ బ్యాక్ ట్రెవియన్ హెండర్సన్ టెక్సస్ మీద ఇలాంటి స్క్రీన్ అందుకుని 75 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ మ్యాచ్ ఓహైయో స్టేట్ 28-14తో గెలిచింది.

రెండోది, రన్నింగ్ బ్యాక్‌ని వెనక నుంచి తీసి రిసీవర్ల పక్కన నిలబెట్టడం. బంతి ఆటలోకి రాకముందే డిఫెన్స్ ఒక సంగతి చెప్పేయాల్సి వస్తుంది: అతని వెంట ఎవరు వెళ్తున్నారు? బాక్స్‌లో నిలబడే లైన్‌బ్యాకర్ వెళ్తే బాక్స్ ఒకరు తగ్గి పలచబడింది, పైగా బరువైన లైన్‌బ్యాకర్ జెంటీ వేగం అందుకోలేడు. వెనక కాసే డిఫెన్సివ్ బ్యాక్ వెళ్తే, బంతి అందాక జెంటీని గుద్ది ఆపడం చిన్న ఒంటివాడి వల్ల కాదు. ఎవరు వెళ్లినా లాభమే. బంతి అసలు అతనికి ఇవ్వకపోయినా లాభమే.

బంతి ఇవ్వకుండానే స్టార్‌ని వాడుకోవడం ఎలాగో 2015 అలబామా జట్టు చూపించింది. ఈ విషయంలో అంతకంటే మంచి పాఠం దొరకదు. ఆ ఏడాది డెరిక్ హెన్రీ 395 క్యారీలకు 2,219 గజాలు పరిగెత్తి, ఏడాదిలో మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలుచుకున్నాడు. నవంబర్ 28న ఆబర్న్ మీద 46 క్యారీలు, వారం తిరిగేసరికి ఫ్లోరిడాతో ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ ఫైనల్లో 44. ఎనిమిది రోజుల్లో 90 సార్లు. హెన్రీ 190 సెంటీమీటర్ల ఎత్తు, 110 కిలోల మనిషి కాబట్టి తట్టుకున్నాడు. ఇంకెవరి మీదైనా ఆ ప్రయోగం చేయకూడదు, నిజానికి హెన్రీ మీద కూడా చేయకుండా ఉండాల్సింది.

అసలు తెలివి ఆ తర్వాత కనిపించింది. డిసెంబర్ 31న ప్లేఆఫ్ సెమీఫైనల్లో మిషిగన్ స్టేట్ ఎదురైంది. హెన్రీని ఆపడమే పనిగా ఆ జట్టు సిద్ధమై వచ్చింది. అలబామా దాడి వ్యూహకర్త లేన్ కిఫిన్ హెన్రీకి 20 సార్లే బంతి ఇచ్చాడు. వచ్చింది 75 గజాలే. అవతల క్వార్టర్‌బ్యాక్ జేక్ కోకర్ 30 పాస్‌లలో 25 పూర్తిచేసి 286 గజాలు తీశాడు. హెన్రీ కోసం ముందుకొచ్చిన డిఫెన్స్ వెనక కాల్విన్ రిడ్లీ 138 గజాలు అందుకున్నాడు. అలబామా 38-0తో గెలిచింది. పదకొండు రోజుల తర్వాత క్లెమ్సన్‌తో జాతీయ ఫైనల్లో హెన్రీ మళ్లీ 36 క్యారీలతో 158 గజాలు, మూడు టచ్‌డౌన్లు చేశాడు. 45-40తో ట్రోఫీ దక్కింది. సెమీఫైనల్లో హెన్రీ కాళ్లకు కాస్త విశ్రాంతి దొరికింది, ఫైనల్‌కి వచ్చిన క్లెమ్సన్ ఒక్క హెన్రీనే చూస్తూ కూర్చునే వీలు లేకపోయింది.

దీన్ని ఫియెస్టా బౌల్ పక్కన పెట్టి చూడండి. తేదీ అదే, డిసెంబర్ 31. స్టార్ కోసమే కాచుకుని కూర్చున్న డిఫెన్స్ అదే. బోయ్సీ స్టేట్ 30 సార్లు జెంటీని పరిగెత్తించింది, సగటు మూడున్నర గజాలు. ఆ జట్టు చేసిన రెండు టచ్‌డౌన్లూ పాస్‌ల ద్వారానే వచ్చాయి. మూడో క్వార్టర్‌లో 17-14 దాకా వచ్చింది కూడా. ఖాళీలు ఎక్కడున్నాయో స్కోర్‌బోర్డే చెబుతోంది. అలబామాకి ఉన్నంత మంది మేటి ఆటగాళ్లు బోయ్సీ స్టేట్‌కి లేరన్నది నిజమే. క్వార్టర్‌బ్యాక్ మ్యాడక్స్ మ్యాడ్సన్ ఆ రాత్రి మూడు పాస్‌లు ప్రత్యర్థి చేతికి ఇచ్చాడన్నదీ నిజమే. పాస్ మీద నమ్మకం తగ్గడానికి కోచ్‌లకు కారణం ఉంది.

అయితే ఆ మర్నాడే, ప్లేఆఫ్ అదే రౌండులో, అట్లాంటాలో జరిగిన మ్యాచ్ ఈ సాకుని కొంత బలహీనపరుస్తుంది. పీచ్ బౌల్‌లో టెక్సస్ మీద ఆడిన అరిజోనా స్టేట్ తన మేటి రిసీవర్ జోర్డిన్ టైసన్ గాయంతో దూరమయ్యాక బరిలోకి దిగింది. దానికి మిగిలిన స్టార్ రన్నింగ్ బ్యాక్ క్యామ్ స్కాటబూ ఒక్కడే. అతనికీ 30 క్యారీలే ఇచ్చారు, 143 గజాలు వచ్చాయి. దానికి తోడు ఎనిమిది పాస్‌లు అందుకుని 99 గజాలు తీశాడు. ఒకసారి తనే బంతి విసిరి 42 గజాల టచ్‌డౌన్ పాస్ ఇచ్చాడు. చివరి క్వార్టర్‌లో 24-8తో వెనకబడ్డ జట్టు 24-24కి వచ్చి, రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 39-31తో ఓడింది. ఓడినా, ఆ రోజు స్కాటబూ బంతి ఎక్కడ అందుకుంటాడో, అందుకుని ఏం చేస్తాడో టెక్సస్‌కి మ్యాచ్ ముగిసేదాకా అంతుపట్టలేదు. ఆ సీజన్ మొత్తంలో అతను 1,711 గజాలు పరిగెత్తాడు, 605 గజాలు పాస్‌ల మీద తీశాడు. జెంటీతో పోలిస్తే వేగం తక్కువ, ఒక్క దెబ్బలో 70 గజాలు పోయే సత్తా తక్కువ. అతన్ని వాడుకున్న తీరు మాత్రం బోయ్సీ స్టేట్ కంటే తెలివైనది.

భారం ఇద్దరి మీద పంచడం ఇంకో దారి. ఫియెస్టా బౌల్‌లో గెలిచిన పెన్ స్టేట్‌లోనే నికోలస్ సింగిల్టన్, కేట్రాన్ ఆలెన్ ఇద్దరూ ఆ సీజన్‌లో వెయ్యి గజాలు దాటారు. ఆ రాత్రి చివరి క్వార్టర్‌లో, బోయ్సీ స్టేట్ డిఫెన్స్ అలసిపోయిన వేళ, సింగిల్టన్ 58 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. జాతీయ టైటిల్ గెలిచిన ఓహైయో స్టేట్‌లో క్విన్‌షాన్ జడ్కిన్స్ 194 క్యారీలు, హెండర్సన్ 144. ఇద్దరివీ కలిపితే 338. వాళ్లు ఆడింది 16 మ్యాచ్‌లు. జెంటీ ఒక్కడే 14 మ్యాచ్‌లలో 374 చేశాడు. అంతకుముందు ఓల్ మిస్‌లో జడ్కిన్స్ రెండేళ్లు వరుసగా 270కి పైగా క్యారీలు మోశాడు. ఓహైయో స్టేట్‌కి వచ్చి పంచుకున్నందుకు అతని భవిష్యత్తు ఏమీ పాడవలేదు. 2025లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతను 36వ స్థానంలో, హెండర్సన్ 38వ స్థానంలో ఎంపికయ్యారు. 2018 రోజ్ బౌల్‌లో జార్జియా తరఫున సోనీ మిషెల్, నిక్ చబ్ కలిసి 25 క్యారీలకు 326 గజాలు తీసిన రోజు కూడా ఇలాంటిదే. ఒకరు బయట ఊపిరి తీసుకుంటుంటే ఇంకొకరు తాజా కాళ్లతో లోపలికి వస్తారు. డిఫెన్స్‌కి మాత్రం ఆ విశ్రాంతి లేదు.

ప్రత్యర్థి తన్నిన బంతిని అందుకుని ఎదురు పరిగెత్తే కిక్ రిటర్న్‌ల సంగతి ఒక్క మాటలో. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టియన్ మెకాఫ్రీ 2015లో పరుగు, పాస్, రిటర్న్ అన్నీ కలిపి 3,864 గజాలు సాధించాడు. శాండర్స్ 3,250 గజాల రికార్డు అలా బద్దలైంది. చూడ్డానికి అద్భుతం. కానీ కిక్ రిటర్న్‌లో ఎదురెదురుగా పూర్తి వేగంతో వచ్చి గుద్దుకుంటారు. మ్యాచ్‌కి 25 క్యారీలు మోసేవాడిని అక్కడ నిలబెట్టడం, ఒకటి రెండు కీలక సందర్భాల్లో తప్ప, అనవసరమైన ప్రమాదం.

క్రికెట్ చూసేవాళ్లకి ఈ చర్చ కొత్తదేమీ కాదు. 2025 ఇంగ్లండ్ పర్యటనలో బుమ్రాని మూడు టెస్టులకే పరిమితం చేయాలని ముందే నిర్ణయించారు. హైదరాబాద్ బౌలర్ సిరాజ్ ఐదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేసి, ఓవల్‌లో చివరి రోజు మ్యాచ్ గెలిపించాడు. దాన్ని చూసి వర్క్‌లోడ్ మాటలు వట్టివన్నవాళ్లు ఉన్నారు. కానీ సిరాజ్‌తో ఒకే స్పెల్‌లో 25 ఓవర్లు ఏ కెప్టెనూ వేయించడు. ఐదారు ఓవర్లు వేయించి పక్కన పెడతాడు, వికెట్ కుదిరినప్పుడు, కొత్త బ్యాటర్ వచ్చినప్పుడు మళ్లీ పిలుస్తాడు. రన్నింగ్ బ్యాక్‌కి కూడా స్పెల్ అనే ఆలోచన కావాలి. ప్రతి సగంలో ఒక పూర్తి డ్రైవ్ (బంతి చేతికొచ్చాక అది పోయేదాకా సాగే ప్రయత్నాల వరుస) రెండో ఆటగాడికి వదిలేయాలి. అప్పుడు స్టార్ చివరి క్వార్టర్‌కి తాజాగా వస్తాడు.

కాలేజీ ఆటగాడి విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. అతను ఆ జట్టుకి మూడు నాలుగేళ్లే ఉంటాడు. అసలు సంపాదన ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అక్కడ రన్నింగ్ బ్యాక్‌ల ఆయుష్షు మిగతా స్థానాలతో పోలిస్తే చాలా తక్కువ. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకుని డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బు చెల్లించొచ్చు. పెద్ద కాలేజీలు డబ్బు ఆశ చూపినా జెంటీ బోయ్సీలోనే ఉండిపోయాడు. అలా నమ్మి నిలబడ్డవాడి ఒంటిని ఎంత జాగ్రత్తగా చూసుకోవాలన్నది కోచ్ మీద ఉన్న బాధ్యత, గెలుపు లెక్కలతో సంబంధం లేకుండా. జెంటీ హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడింది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో, లోన్ స్టార్ హైస్కూల్‌లో. ఫ్రిస్కోలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. శుక్రవారం రాత్రి స్కూల్ మ్యాచ్‌లకి పిల్లల్ని తీసుకెళ్లే తెలుగు తల్లిదండ్రులకి, ఈ ఆటలో మైదానంలోకి దిగే పిల్లవాడి మోకాలు, తల ఎంత విలువైనవో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇదంతా విన్నాక, స్టార్‌కి బంతి తగ్గించడమే పరిష్కారం అనిపించొచ్చు. అది కూడా పొరపాటే. నవంబర్‌లో నెవాడా మీద మ్యాచ్ 28-21తో ముగిసింది. జెంటీ 34 క్యారీలకు 209 గజాలు, మూడు టచ్‌డౌన్లు చేశాడు. ఆ రోజు అందులో ఐదు క్యారీలు తగ్గించి ఉంటే ఓడిపోయేవాళ్లేమో. దగ్గరి మ్యాచ్‌లో, చివరి క్వార్టర్‌లో, ఆధిక్యంలో ఉండి గడియారం కరిగించాల్సిన సమయంలో బంతి అతని చేతిలోనే ఉండాలి. డిఫెన్స్‌కి ముందే తెలిసినా సరే. అప్పటికి గుద్దేవాళ్లు కూడా అలసిపోయి ఉంటారు. జెంటీని మొదటి క్వార్టర్‌లో మూడు గజాలకు ఆపినవాడు నాలుగో క్వార్టర్‌లో చెయ్యి వేసి వదిలేస్తాడు.

కాన్ఫరెన్స్ ఫైనల్లో యూఎన్‌ఎల్‌వీ మీద జెంటీ 32 క్యారీలకు 209 గజాలు చేశాడు. అందులో ఒక్క పరుగే 75 గజాలు. దాన్ని తీసేస్తే మిగతా 31 క్యారీలకు 134 గజాలు, సగటు 4.3. కాబట్టి 31 మామూలు ప్రయత్నాలు ఓర్చుకుంటేనే ఆ 75 గజాల పరుగు దొరుకుతుందని కొందరంటారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. ఏ క్యారీ పెద్దదవుతుందో ముందే తెలియదు. కానీ ఏ పరిస్థితిలో పెద్ద పరుగులు వస్తాయో తెలుసు: బాక్స్‌లో ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు, ప్రత్యర్థి పాస్ వస్తుందనుకున్నప్పుడు, మొదటి ప్రయత్నంలో అటూ ఇటూ తేల్చుకోలేక నిలబడినప్పుడు. ఆ సందర్భాలను ఎక్కువ చేసుకోవడం కోచ్ చేతిలో పని. మూడో ప్రయత్నంలో ఎనిమిది గజాలు కావాల్సినప్పుడు మధ్యలోకి ఇచ్చే క్యారీ, ఎనిమిది మంది గుమిగూడిన చోటికి వరుసగా రెండోసారి ఇచ్చే క్యారీ, పదహారు పాయింట్ల ఆధిక్యం వచ్చాక ఇచ్చే 35వ క్యారీ, ఇవి తీసేయదగ్గవి. ఒరెగాన్ స్టేట్ మీద 34-18తో గెలిచిన మ్యాచ్‌లో జెంటీ 37 సార్లు పరిగెత్తాడు. వారానికే కాన్ఫరెన్స్ ఫైనల్. ఎనిమిది రోజుల్లో 69 క్యారీలు. అప్పటికి హైస్‌మన్ ఓట్లు, శాండర్స్ రికార్డు అందరి నోళ్లలో ఉన్నాయి. హైస్‌మన్ చివరికి కొలరాడో ఆటగాడు ట్రావిస్ హంటర్‌కి వెళ్లింది, జెంటీ రెండో స్థానంలో నిలిచాడు.

నవంబర్ చివర్లో అలా జరిగినా, సీజన్ మొదట్లో హెడ్ కోచ్ స్పెన్సర్ డేనియల్సన్ తీసుకున్న ఒక నిర్ణయానికి మాత్రం పూర్తి మార్కులు వేయాలి. పోర్ట్‌లాండ్ స్టేట్ మీద 11 క్యారీలు, యూటా స్టేట్ మీద 13 క్యారీలు అని పైన చెప్పుకున్నాం కదా. ఆ రెండూ మొదటి సగంలోవే. మ్యాచ్ చేతికి వచ్చేసిందని తేలగానే జెంటీని పక్కన కూర్చోబెట్టేశాడు. మొదటి దాంట్లో 127 గజాలు, రెండో దాంట్లో 186 గజాలు చేసిన ఆటగాడు రెండో సగంలో బరిలోకే దిగలేదు. ఆ రెండు సగాల్లో ఏ ఒక్కదానిలోనైనా ఇంకో మూడు నాలుగు సార్లు బంతి ఇచ్చి ఉంటే, అప్పటి అతని ఊపుకి ఆ 27 గజాలు ఎప్పుడో వచ్చేసేవి. రికార్డు జెంటీ పేరు మీద ఉండేది. అప్పటికి బోయ్సీ స్టేట్‌కి ఇంకా తొమ్మిది మ్యాచ్‌లు మిగిలి ఉన్నాయి, తొమ్మిదింటిలోనూ జెంటీ ఆడాడు.